ఆకుకు ఆనవాలు (పీఠిక)

మునేటి గాలి సోకే ఖానాపురం హవేలిలో, మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఈ గ్రంథపు అచ్చుప్రతిని ఆమూలాగ్రం రెండు మార్లు చదివాను. కూర్చినవాడు నాకు శిష్యుడు. గ్రంథాలయశాస్త్రం అభ్యసించి, యౌవనంలో మంచి భాగాన్ని వ్రాతప్రతుల గదుల్లో, ఆ పాత ఆకుల వాసన మధ్య వెచ్చించినవాడు. మన విశ్వవిద్యాలయాలు తమ ప్రాచీన లిఖితాలనూ, దుర్లభ ముద్రితాలనూ ఏ క్రమంలో పొందుపరుస్తాయో తెలుగు పాఠకునికి తెలుగులోనే విన్నవించాలన్నది ఇతని సంకల్పం. పాఠక మహాశయులు కాసేపు నా పక్కన ఆసీనులైతే, ఈ శ్రమ ఎటువంటిదో నాకు తెలిసినంత మనవి చేస్తాను.

ఈ విద్యకు గొప్ప వంశం ఉంది. సర్వే అధికారి మెకంజీ (1754–1821) దొర పక్షాన ఊరూరా తిరిగి గ్రామ వృత్తాంతాలైన కైఫీయతులూ కవిలెలూ కూడబెట్టిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి; పండితులను పోషించి, ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి సరిచూపించిన సి.పి. బ్రౌన్ (1798–1884), ఈ సేకరణలే పునాదిగా 1869లో మదరాసులో వెలసిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తిరుపతిలో దేవస్థానం వారు 1939లో నెలకొల్పగా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి (1888–1950) వంటి తపస్వుల పరిశ్రమతో పండి, అనంతరం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైన ప్రాచ్య పరిశోధనాలయం: ఇవన్నీ ఆ వంశవృక్షపు శాఖలే. మన మధిర సీమలోని దెందుకూరులో జన్మించి, లక్ష్మణరాయ పరిశోధక మండలి పక్షాన తెలంగాణ శాసనాలను వెలికితెచ్చిన ఆదిరాజు వీరభద్రరావుగారిని (1890–1973) ఈ వరుసలో స్మరించకపోతే ఖమ్మంవాడిగా నాకు దోషం తగులుతుంది.

అచ్చుపుస్తకానికి వీపు ఉంటుంది. ఆ వీపు మీద సంఖ్య అంటించి, 1876 నాటి డ్యూయీ పద్ధతినో, 1933లో మన రంగనాథన్‌గారు ప్రకటించిన కోలన్ వర్గీకరణనో అనుసరించి బీరువాలో నిలబెడితే, వైద్యం వైద్యం పక్కన, వ్యాకరణం వ్యాకరణం పక్కన చేరిపోతాయి. తాటాకు కట్టకు వీపు లేదు. ఒకటి జానెడు, మరొకటి మూరెడు. పైగా ఒకే తాడున, రెండు చెక్కపలకల నడుమ, ఒక వైద్యగ్రంథమూ, సగం శకునశాస్త్రమూ, ఒక శతకమూ, చివర ఇంటి బాకీల లెక్కా కలిసి కాపురం చేస్తుంటాయి. విషయానుసారం వేరుచేద్దామని తాడు విప్పితే, ఆ కట్ట ఏ ఇంటిదో, ఎవరి చేతిలో పెరిగిందో చెప్పే సాక్ష్యం చెదిరిపోతుంది. కనుకనే కట్టను వచ్చిన వరుసలో, యాక్సెషన్ నంబరుతో, వచ్చిన రూపంలోనే భద్రపరచి, విషయక్రమాన్ని మాత్రం సూచీగ్రంథంలో పాటిస్తారు. 1918లో విశ్వవిద్యాలయంతో పాటే పుట్టిన ఉస్మానియా గ్రంథాలయంలో సుమారు 5 లక్షల పుస్తకాలూ, 6000కు పైబడిన వ్రాతప్రతులూ ఉన్నాయి. కుడి నుంచి ఎడమకు చదివే ఫారసీ ప్రతీ, ఎడమ నుంచి కుడికి చదివే తెలుగు తాళపత్రమూ ఒకే కప్పు కింద నిద్రిస్తున్న అటువంటి చోట, సూచీ లేని గది గదే కాదు, కొట్టు.

అయితే సూచీ అంటే పేర్ల పట్టిక అనుకునేవారికి ఈ గ్రంథంలోని మూడవ అధ్యాయం కనువిప్పు. మసి వెలిసిపోయి కంటికి ఆనని గంటపు గీతలకు మళ్లీ మసి పూసి, నిమ్మగడ్డి నూనెతో ఆకును మెత్తబరచి, ఆకులెన్నో, పుటకు పంక్తులెన్నో, పంక్తికి అక్షరాలెన్నో లెక్కించి, 32 అక్షరాలు ఒక గ్రంథమన్న పూర్వుల కొలతతో పరిమాణం నిర్ణయించి, ఆద్యంతాలూ ఆశ్వాసాంత గద్యా ఎత్తివ్రాసి, చివర సమగ్రమనో అసమగ్రమనో ఒక్క మాట వ్రాయడానికి ఒక్కొక్కసారి వారం పడుతుంది. కాలనిర్ణయం మరీ కష్టం. లేఖకుడు ఆనంద నామ సంవత్సరమని మాత్రం వ్రాసి ఊరుకుంటే అది 1794 కావచ్చు, 1854 కావచ్చు, 1914 కావచ్చు. అరవయ్యేళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది గదా! తిథి, వారం, నక్షత్రం తోడైతేనే గణితానికి పట్టు చిక్కుతుంది. తెలియనిచోట తెలియదని వ్రాసే నిజాయితీని మన గ్రంథకర్త పదేపదే బోధించాడు. అది నాకు అన్నిటికంటే నచ్చింది.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నా బాల్యంలో, చదివేవారు లేరని, అటక మీది కట్టలకు పసుపు కుంకుమలు పెట్టి మునేట విడిచారు. మా పెద్దలకు అది అపచారం కాదు, సంస్కారమే. అడవి అంచు తేమకూ చెదకూ వదలడం కంటే నీటికి అర్పించడం మేలని తలచారు. వాటిలో ఏముందో ఈనాడు చెప్పగలవారు లేరు. ఒక్కొక్క కట్టకు ఒక్క చీటీ వ్రాసిపెట్టి ఉంటే, ఆకులు పోయినా పేర్లు మిగిలేవి.

దుర్లభ ముద్రితాల ప్రకరణం కొంత పలుచన. 1746లో జర్మనీలోని హాలేలో మతప్రచారకుడు షుల్జ్ అచ్చువేయించిన తెలుగు పుస్తకాల నుంచి పందొమ్మిదో శతాబ్దపు మదరాసు ముద్రణల దాకా చెప్పవలసినది బోలెడుండగా ఇతడు త్వరపడ్డాడు. ఛాయాచిత్రం తీశాక అసలు ఆకును ముట్టనక్కర లేదన్న అభిప్రాయంతోనూ నేను ఏకీభవించను. గంటం ఎంత లోతుకు దిగిందో, ఆకు తాటిదో శ్రీతాళానిదో వేలికొస తెలిపినంతగా తెర మీది బొమ్మ తెలపలేదు. మలిముద్రణలో సవరిస్తాడని నమ్ముతాను.

మీ ఇంటి అటక మీద ఎర్రగుడ్డలో చుట్టిన కట్ట ఏదైనా ఉంటే, దయచేసి నీట విడవకండి, తాడు విప్పకండి. ముందు మూడవ అధ్యాయం చదివి, ఒక చీటీ మీద ఆ కట్ట ఎవరిదో వ్రాసి దగ్గర పెట్టండి.

ఖానాపురం హవేలి, ఖమ్మం