తిర్యక్కుల బుద్ధి : భూతకోశమును శాంతిపర్వమును

పాచికలయాటలోని మృగములను గూర్చి తెలుగుశాఖ పత్రికయందు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు అమెరికనులు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడ వస్తుతః కథాకథనమే. ఒకడు కథ నడపును. తక్కినవారు పాత్రలు ధరింతురు. సందేహము కలిగినచోట పాచికలు తీర్పు చెప్పును. ఆ కథలలో ఎదురగు ప్రాణులకు ప్రత్యేకముగా భూతకోశమొకటి కలదు. ఇటీవలి కూర్పులలో ప్రతిప్రాణికిని ఆరు గుణములకు అంకెలు వేసినారు. అందొకటి బుద్ధి. తిర్యగ్జంతువు మనసును మాటలలో పెట్టు యత్నము ఎక్కడ జరిగినను అది విమర్శకు విషయమే యని మా తలంపు.

ఈ అంకెకు మూలము పాచికయే. ఆటగాని పాత్రకు మొదట మూడు పాచికలు వేసి బుద్ధిని నిర్ణయించెడివారు. మూడు పాచికలకు కనిష్ఠము 3, గరిష్ఠము 18. కావున మనుష్యులలో మందుడైనను 3నకు దిగడు. మరి మృగమునకు మిగిలినదేమి? 1, 2. 1977 నాటి కోశమున 'జంతుబుద్ధి' యనునది ఒక మెట్టుపేరు. దానికి విలువ 1. 2003 నాటి సవరించిన కూర్పులో ఇది శాసనమే అయినది: బుద్ధి 3 గాని అంతకు మించి గాని ఉన్న ప్రాణి జంతువర్గమున చేరనే చేరదు. అనగా తోడేలునకు తెలివి హెచ్చినచో అది తోడేలుగా మిగులదు, మాయామృగమగును. 2014 నాటి కూర్పు ఈ గోడను కూల్చి తోడేలునకు 3, కోతిజాతి పెద్దమృగమునకు 6 ఇచ్చినది. గోడ కూలినది గాని కొలబద్ద మారలేదు.

ఇచట మాకు శాంతిపర్వము స్మరణకు వచ్చుచున్నది. నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానమునకు చెందిన తిక్కన తెనిగించిన పదునైదు పర్వములలో అదియు నొకటి. అందు భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన మూడు చేపల కథ యెల్లరెరిగినదే. ఒకే మడుగు, ఒకే జాతి, ఒకే ఆపద. జాలరులు నీరు తోడుచుండగా దీర్ఘదర్శి ముందే కాలువదారిని తప్పించుకొన్నది. రెండవది చిక్కిన పిమ్మట చేపలు గుచ్చిన త్రాటిని తానును నోట కరచి గ్రుచ్చబడినదానివలె నటించి, కడుగునప్పుడు లోతునీటిలోనికి జారిపోయినది. దీర్ఘసూత్రుడు చచ్చెను. కోశకారుడైనచో 'చేప : బుద్ధి 1' అని వ్రాసి యూరకుండును. కథకుడు ఒకే జాతిలో మూడు మనసులు చూచినాడు. పైగా బుద్ధిని పరిమాణముచేత గాక కాలముచేత కొలిచినాడు. ఆపదకు ముందు, ఆపదలో, ఆపద దాటినపిమ్మట. మైపాడు రేవున వలలాగువారిని అడిగిన, వలమీదుగా దుమికి తప్పించుకొను చేపలను గూర్చి వారు చెప్పుదురు. దుమికినవియు చిక్కినవియు ఒకే జాతివి.

దీనికి ఆక్షేపణ కలదు. ఈ చేపలు చేపలు కావు, మనుష్యులే. భీష్ముడు చెప్పునది రాజనీతి గాని జంతుశాస్త్రము కాదు. నిజమే. ఈ ఆక్షేపణను మేము త్రోసివేయజాలము. ఆ మాటకు వచ్చిన, కథలోని జంతువు మాటలాడుటచేతనే తన జంతుత్వమును కొంత కోల్పోవుచున్నది. కాని ఎంత? మార్జాలమూషికముల కథను చూడుడు. వలలో పిల్లి చిక్కినది. ఎలుకను ఒకవైపు ముంగిస, ఒకవైపు గుడ్లగూబ కాచుకొని యున్నవి. పలితుడను ఆ ఎలుక పిల్లితో సంధి చేసికొని దాని యొడి చొచ్చెను, పగవారిద్దరును మరలిపోయిరి. ఆపై త్రాళ్లు కొరుకుటలో మాత్రము జాగు చేసెను. వేటకాడు కనబడిన క్షణమున కడపటి త్రాడు తెగినది. పిల్లికి చెట్టెక్కుటయే పని, ఎలుకను తినుటకు తీరికలేదు. పిమ్మట పిల్లి మిత్రుడా యని పిలిచినను ఎలుక కలుగు విడువలేదు. ఇందలి నీతి మనుష్యులదే. కాని ఆ బుద్ధి సర్వము ఆకలి, భయము, దూరము, సమయము అనువానితో అల్లబడినది. ఎలుకశరీరము లేనిచో ఆ ఉపాయమే లేదు.

కోశమునకు న్యాయము చేయవలెనన్న ఒక మాట చెప్పవలెను. 2014 నాటి తోడేలు పుటలో బుద్ధి 3 అని యున్నను, క్రింద వాసనయు వినికిడియు మిక్కిలి తీక్ష్ణములనియు, శత్రువుచెంత తోడివాడున్నచో దాని దాడి సులువగుననియు నియమములు కలవు. గుంపువేటలోని తెలివి అంకెలో లేదు, నియమములో నున్నది. ఈ నియమములు వ్రాసినవాడు తన అంకెకంటె ఎక్కువ ఎరిగినవాడు. ఈ క్రీడలో మేము నిజముగా మెచ్చునది ఇదియే.

మెచ్చలేనిది వేరొకటి. అదే కోశమున 'వర్గ్' అను తోడేటిభూతమునకు బుద్ధి 7. దానికి భాష యున్నది, దానితోబాటు దుష్టత్వమును ఉన్నది. సామాన్యపు తోడేలు మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. తెలివి రాగానే పాపము ఏల రావలె? పలితుడు మహాబుద్ధిశాలి, అతడు సాధువు కాడు, దుర్మార్గుడును కాడు. బ్రదుకగోరిన ఎలుక. తెలిసిన మృగమును భూతముగా జేయుట భయమునుండి పుట్టిన కల్పనయే కాని పరిశీలననుండి పుట్టినది కాదు. 2009లో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమరీ అనువారు కాకిజాతికి చెందిన రూక్ పక్షులు రాళ్లు వేసి నీటిమట్టమును పెంచి పురుగును అందుకొనుటను పరీక్షించి ప్రకటించిరి. ఈసపు కథలోని కాకి చేసిన పనియే అది. కథకుని ఊహకు ఇట్లు కొంత సాక్ష్యము దొరకినది.

2014 నాటి పట్టికలో పీతకు బుద్ధి 1. పంచతంత్రమునందలి పీత కొక్కెర మోసమును ఎముకలగుట్ట చూచి గ్రహించి దాని మెడను తన డెక్కలతో తెగగొరికెను. డెక్క లేనిచో ఆ గ్రహింపునకు ఫలమేమి? దూబగుంట నారాయణకవియు వెంకటనాథుడును పంచతంత్రమును పద్యములుగా తెనిగించిరి. వీరిరువురును ఈ పీతయొక్క చూపునకెంత, డెక్కకెంత చోటిచ్చిరో పోల్చి చూచుట మా పరిశోధక విద్యార్థులలో ఎవరైన చేపట్టదగిన పని.