గవాచి చుట్టూ చౌడు

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ ఊళ్లలో మట్టిమిద్దె ఎక్కిన ప్రతిసారీ నా కళ్లు ముందు గవాచిని వెతుకుతాయి. వంటింటి పొయ్యికి సరిగ్గా నెత్తిన, పొగ పోవడానికి మిద్దెకు పెట్టిన బొక్క అది. వెలుతురు దిగేదీ అందులోంచే. బొక్క ఎవరైనా పెడతారు. దాని చుట్టూ చుక్క నీరు దిగకుండా చూడటమే పనితనం.

గద్వాల దగ్గర ఓ ఊళ్లో చూసిన గవాచి ఇప్పటికీ మనసులో ఉంది. అడుగు పగలగొట్టిన కుండను మిద్దెలో కుదిర్చి, మెడ బెత్తెడు పైకి లేచేలా నిలిపారు. కింద దూలాలు, దంతెలు, వాటిమీద కట్టె చెక్కలు, ఆకు, మట్టి, అన్నిటికీ పైన చౌడు. మిగతా మిద్దె మీద సాపుగా పరిచిన ఆ చౌడే కుండ దగ్గరికొచ్చేసరికి మెల్లగా పైకెక్కి మెడను కౌగిలించుకుంది. ఎక్కడా మూల లేదు, నీరు నిలిచే గుంట లేదు. కళ్లు మూసుకుని వేలితో తడిమాను. మట్టి ఎక్కడ ఆగిందో, కుండ ఎక్కడ మొదలైందో చేతికి అందలేదు. వానొస్తే ఎగువ నీళ్లు ఆ దిమ్మెను తాకి రెండు పాయలై దోనె వైపు జారిపోతాయి. మూతకని పక్కనే నాపబండ ముక్క పెట్టారు. మబ్బు పట్టగానే ఇంట్లో పిల్లల్ని మిద్దె మీదికి తరిమేది ఆ బండ జరపడానికే.

చౌడంటే పైరుకు పనికిరాని తెల్లటి నేల. అందులోని సోడియం లవణాల వల్ల బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి, తడి తగలగానే ఉబ్బి సందులు పూడుస్తాయి. పొలంలో రైతును ఏడిపించే గుణమే మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. ఎండకు నెర్రె విచ్చినా తొలి వానకు దానంతటదే మూసుకుంటుంది. అయినా రోహిణి ఎండల్లో కొత్త చౌడు తోలి, మిరుగు కార్తె మొదలయ్యేలోపే పోయాల్సిందే. ఏటేటా చేసే చాకిరీ అది. కింది నుంచి వచ్చే నీటికి మాత్రం ఈ నేర్పు చాలదు. 2009 అక్టోబరు తుంగభద్ర వరదలో ఒడ్డునున్న రాజోలి ఊళ్లో ఇళ్లకు తడిసింది గోడలే.

హైదరాబాద్‌లో మా వంటింటి చిమ్నీ గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. దాన్ని పెట్టిన మేస్త్రీ వాలు లోపలికి ఇచ్చాడు, చుట్టూ సిమెంటు మెత్తి చేతులు దులుపుకున్నాడు. గొట్టం ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది; సిమెంటు అంతగా కదలదు. రెండో వానాకాలానికల్లా గోడ మీద టీ మరక లాంటి వలయం తేలింది. వాలు బయటికి ఉండి, సందులో సాగే గుణమున్న సీలెంటు నింపి, మొనకు కిందికి వంచిన మూతి పెట్టుంటే సరిపోయేది. కుండ మెడ దగ్గర చౌడు చేసిన పనీ అదే కదా!

గ్యాసుకు పొగ లేదని, వంటింటి ఆవిరికీ బయటికి దారి కావాలన్న సంగతే మనం మరిచాం. కిలో వంటగ్యాసు కాలితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరై పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండరు అయిపోయేలోపు ఇరవై లీటర్లు దాటిన నీరు వంటింటి గాలిలో కలుస్తుంది. అన్నం, పప్పు ఉడికేటప్పటి ఆవిరి దీనికి అదనం. కట్టెల పొగ కళ్లు మండించేది, ఊపిరితిత్తులు పాడుచేసేది. దాన్ని తిరిగి రమ్మని ఎవరూ కోరరు. కానీ దూలాలకు నల్లటి మసి పూత పట్టించి చెదల్ని దూరంగా ఉంచింది కూడా అదే. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు వచ్చి గ్యాసు పొయ్యిలు పెరిగాక, పొగ లేదు కదా అని చాలామంది గవాచి మీద అద్దం బిగించేశారు. తెల్లవారి చూస్తే అద్దం లోపలివైపు చెమట.

గద్వాల దగ్గరి ఆ ఇంట్లోనూ ఇప్పుడు గ్యాసే. గవాచి మీద అద్దమూ ఉంది, కుండ మూతికంటే నాలుగు వేళ్లు వెడల్పు. దాన్ని బిగించలేదు. నాలుగు మూలలా చింతగింజంత రాళ్లు పెట్టి, ఎత్తి ఉంచారు.