హిందూకుష్‌లో ఇద్దరు మిత్రులు, వారితో మరి ముగ్గురు

మిత్రులతో కలసి పరాయి దేశపు కొండల్లో రోజుల తరబడి నడిచి వచ్చినవారు చెప్పే కథల్లో కొండకంటె మిత్రులే ఎక్కువగా కనిపిస్తారు. ఎవరు ముందుగా అలసినదీ, ఎవరి బూటు కరిచినదీ, ఏ మలుపు వద్ద ఎవరితో ఎవరికి మాట పట్టింపు వచ్చినదీ ఏళ్ళు గడిచినా జ్ఞాపకం ఉంటుంది. ఇంగ్లీషులో ఈ కోవకు చెందిన రచనల్లో ఎరిక్ న్యూబీ 1958లో వెలువరించిన ‘ఎ షార్ట్ వాక్ ఇన్ ది హిందూకుష్’ అగ్రగణ్యమైనది. దానికి దక్కిన కీర్తిని నేను ప్రశ్నించబోవడం లేదు. అయితే అది ఇద్దరు మిత్రుల కథ అనే వాడుక మాటను మాత్రం పరిశీలించవలసి ఉంది. ఆ దారిలో నడిచినవారు ఐదుగురు.

1956లో న్యూబీ లండన్‌లో స్త్రీల దుస్తుల వ్యాపారంలో ఉన్నాడు. ఆ బ్రతుకుపై విసుగు పుట్టి, దక్షిణ అమెరికాలో దౌత్యోద్యోగిగా ఉన్న మిత్రుడు హ్యూ కార్లెస్‌కు నూరిస్తాన్ పోదామా అని తంతి పంపాడు. కార్లెస్ అంతకు మునుపు కాబూల్‌లో పనిచేసి, మీర్ సమీర్ అనే శిఖరాన్ని ఒకసారి ప్రయత్నించి విఫలుడైనవాడు. 19,000 అడుగులు దాటిన ఆ పర్వతాన్ని ఎక్కడానికి వీరిద్దరూ పొందిన శిక్షణ వేల్స్ కొండల్లో నాలుగు రోజులు మాత్రమే. అక్కడి సత్రంలో వడ్డన చేసే యువతులు వీరికంటె ఎంతో నేర్పరులైన ఆరోహకులు కావడం గ్రంథంలోని మొదటి పెద్ద హాస్యం. తరువాత మంచు వాలుపై నిలబడి, మెట్లు ఎలా తవ్వాలో చేతి పుస్తకం తీసి చదువుకునే ఘట్టం రెండవది. శిఖరం ఇంకా సుమారు 700 అడుగులు ఉందనగా వారు వెనుదిరిగారు. ఆ ఓటమిని న్యూబీ దాచలేదు, దానికి వేదాంతపు రంగు పులమలేదు. పాదాల పుండ్లు, విరేచనాలు, రోజూ తినవలసి వచ్చిన డబ్బా ఆహారంపై అసహ్యం, వీటిని గురించి ఆయన వ్రాసిన తీరులో గొప్ప నిజాయితీ ఉంది. పర్వతారోహణ సాహిత్యంలో అప్పటికి పేరుకొని ఉన్న వీరరసాన్ని ఈ ఒక్క పుస్తకం చాలావరకు కడిగివేసింది. ఔత్సాహికులైన ఆంగ్ల సంచారుల సంప్రదాయానికి ఇది వారసత్వమని పీఠిక వ్రాసిన ఎవెలిన్ వా సంతోషించాడు.

వా చూపు పడని ముగ్గురు అబ్దుల్ గియాస్, షేర్ మహమ్మద్, బదర్ ఖాన్. వీరు పంజ్‌షీర్ లోయకు చెందిన తజిక్కులు. సామాను మోసిన గుర్రాలను నడిపినవారు, విడిది ఏర్పాటు చేసినవారు, గ్రామాల్లో మాట్లాడవలసిన మాట ముందుగా మాట్లాడినవారు వీరే. న్యూబీ వీరికి పేర్లిచ్చాడు, రూపురేఖలిచ్చాడు, స్వభావాలిచ్చాడు. ఆయనకు ముందటి అనేక యాత్రా గ్రంథాల్లో ఇటువంటివారు ‘కూలీలు’ అన్న ఒక్క బహువచనంలో ఒదిగిపోయిన సంగతి తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

చిక్కు వచ్చేది వారి భయం దగ్గర. నూరిస్తాన్‌లో అడుగు పెట్టడానికి ఆ ముగ్గురూ వెనుకాడారు. అక్కడివారు తమను చంపుతారన్నారు. న్యూబీ చేతిలో ఇది ఒక హాస్య సన్నివేశం. చరిత్ర చదువుకున్న పాఠకుడికి ఇక్కడ నవ్వు రావడం కష్టం. పంజ్‌షీర్ కాఫిరిస్తాన్‌ను ఆనుకొని ఉన్నదనీ, అక్కడి దోపిడీదారుల రాకపోకలు ఈ లోయగుండానే సాగుతాయనీ బాబరు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. 1895–96లో అమీర్ అబ్దుర్ రహ్మాన్ సైన్యం ఆ ప్రాంతాన్ని జయించి, ప్రజలను ఇస్లాంలోకి మార్చిన పిమ్మటనే కాఫిరిస్తాన్‌కు నూరిస్తాన్ అనే పేరు వచ్చింది. ఇవన్నీ జరిగి 1956 నాటికి అరవై ఏళ్ళు. అంటే అబ్దుల్ గియాస్ తాతలు కళ్ళారా చూసిన కాలం. మిత్రులిద్దరికీ నూరిస్తాన్ బాల్యంనాటి కుతూహలం, 1888 నాటి కిప్లింగ్ కథలోని రహస్య భూమి. తజిక్కులకు అది సరిహద్దు అవతలి పాత పగ. ఈ రెండు చరిత్రలూ ఒకే దారిపై నడిచాయి. గ్రంథం మొదటిదాన్నే లోపలినుంచి చెప్పింది.

ఇందుకు రచయిత హృదయ కాఠిన్యం కారణం కాదని నా అభిప్రాయం. కారణం భాష. పారశీకం ధారాళంగా వచ్చినవాడు కార్లెస్. న్యూబీకి వచ్చినది అంతంతమాత్రం. కాబట్టి అబ్దుల్ గియాస్ మాటల్లో ఎక్కువ భాగం మిత్రుని నోటిగుండా వడకట్టబడి మనకు చేరుతున్నది. మిత్రుడు అలసి, కోపించి, అనువదించడం మానుకున్న సాయంత్రాల్లో ఆ ముగ్గురూ ఏమనుకున్నారో న్యూబీకే తెలియదు. నూరిస్తానీ భాష కోసం వారి సంచిలో ఉన్నది కర్నల్ డేవిడ్సన్ సంకలనం చేసిన బష్గలీ భాషా గ్రంథం, 1901 నాటి కలకత్తా ముద్రణ. అందులోని విచిత్ర వాక్యాలపై న్యూబీ విసిరిన ఛలోక్తులు ప్రసిద్ధాలు. మన దేశపు పాత పాలనాయంత్రం సరిహద్దుల్లో ఏమేమి వినగోరిందో ఆ వాక్యాలే చెబుతాయి గనుక, ఆ ఛలోక్తుల మాటున ఒక పరిశోధనాంశమే ఉన్నదనిపిస్తుంది.

ఏనుగుల వీరాస్వామయ్య ఇక్కడ సహజంగానే జ్ఞాపకం వస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండి, 1830–31లో పెద్ద పరివారంతో కాశీకి వెళ్ళి వచ్చిన ఆయనకు మాట మార్చి చెప్పడమే వృత్తి. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ వెంట రాలేదు, ఊళ్ళోనే ఉన్నాడు. వ్రాత అతని కోసం. అందువల్ల ‘కాశీయాత్ర చరిత్ర’లో మిత్రుల కలహాలు లేవు. మజిలీల దూరం, మంచినీళ్ళు, అంగళ్ళు, పల్లకీ బోయీల సంగతులు ఉన్నాయి. ఆ వివరాలు ఆత్మీయమైనవని నేననను. యజమాని లెక్కలవి. కానీ ప్రయాణం ఎవరి భుజాలపై సాగిందో పాఠకుడు మరచే అవకాశం ఆ లెక్కలు ఇవ్వవు.

ఈ విమర్శకు నాకుగల అర్హత స్వల్పమే. జోమ్‌సమ్‌కు మోటారు దారి పడకముందు, ముగ్గురు మిత్రులతో కలసి పోఖరా వైపునుండి ముక్తినాథ్‌కు నడిచాను. కాళీగండకి లోయలో మధ్యాహ్నం లేచే ఎదురుగాలి గురించి, తాతోపానీ వేడినీటి బుగ్గ గురించి, మాలో ఒకడు ప్రతి విడిదిలోనూ పప్పు పలుచనైందని పెట్టిన పేచీ గురించి నా నోటు పుస్తకంలో పేజీలు నిండాయి. మా సామాను మోసిన మనిషికి రోజుకు ఇచ్చిన కూలి కూడా ఉంది. పేరు లేదు. న్యూబీ గ్రంథాన్ని ఇటీవల రెండవసారి చదివిన తరువాత వెతికి చూసుకున్నాను. పొడి అక్షరాల్లోనైనా లేదు.

గ్రంథపు ముగింపు విమర్శకులందరూ మెచ్చినదే. తిరుగు దారిలో పంజ్‌షీర్‌లో మిత్రులకు అరేబియా ఎడారులు దాటిన విల్ఫ్రెడ్ థెసిజర్ ఎదురుపడతాడు. రాత్రి వీరు గాలి పరుపులు ఊదుకోవడం చూసి ఈసడిస్తాడు. అక్కడితో పుస్తకం సమాప్తం. చమత్కారానికి ఇంతకంటె మంచి చోటు దొరకదు. అయినా నాకు ఆ పుట కొంత వెలితిగా తోస్తుంది. నెల రోజుల నడక చివర నవ్వు ముగ్గురు ఆంగ్లేయుల నడుమనే తిరిగి ఆగిపోయింది. ఏ దారిన పోవడానికి భయపడ్డారో ఆ దారిన పోయి ప్రాణాలతో ఇల్లు చేరబోతున్న ముగ్గురు తజిక్కులకు ఆ రాత్రి ఏమనిపించి ఉంటుందో ఆ పుటలో చోటు దొరకలేదు.

మీర్ సమీర్ శిఖరాన్ని 1959లో ఒక జర్మన్ బృందం చేరింది. 1978లో నూరిస్తాన్ కాబూల్ ప్రభుత్వంపై తిరుగుబాటు చేసింది. మరుసటి ఏడు సోవియట్ సైన్యం వచ్చిన తరువాత పంజ్‌షీర్ లోయ ఏళ్ళ తరబడి యుద్ధరంగమైంది. ఇప్పుడు ఈ పుస్తకం తెరిచేవారు హాస్యం కోసం తెరిచినా, మల్బరీ చెట్ల కింద గుర్రాలు మేస్తుండగా అబ్దుల్ గియాస్ టీ కాస్తున్న చోట్ల కాసేపు ఆగుతారు. న్యూబీ 2006లోనూ, కార్లెస్ 2011లోనూ మరణించినప్పుడు ఇంగ్లీషు పత్రికలు సుదీర్ఘమైన నివాళులు ప్రకటించాయి. తక్కిన ముగ్గురి విషయంలో మనకున్న ఆధారం ఈ గ్రంథమొక్కటే.