పటంలో కనబడని దారి

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల్లో కింగ్స్ లాండింగ్ అనే రేవు పట్టణం ఉంది. నవలతో పాటు అచ్చువేసిన పటంలో మూడు కొండలు, ఏడు ద్వారాలు కనిపిస్తాయి. ఒక కొండ పట్టణం కట్టిన రాజు ఏగన్ పేరు మీద ఉంది. మిగతా రెండింటికీ అతని అక్కచెల్లెళ్ళూ భార్యలూ అయిన విసెన్యా, రేనిస్‌ల పేర్లు పెట్టారు. ఆ పటం మీద వేలు పెట్టి వీధి వీధీ తిరగడం నాకెంతో ఇష్టంగా ఉండేది. ఆ వీధుల్లో ఆడవాళ్ళు ఎలా నడిచారో వెతకడం మొదలుపెట్టాక ఆ ఇష్టం మిగల్లేదు.

మొదటి నవల 1996లో వచ్చింది. అందులో ఆర్యా అనే చిన్నపిల్ల కోటలోంచి తప్పించుకుని, పేదలుండే ఫ్లీ బాటమ్ సందుల్లో పావురాలు పట్టుకుని బతుకుతుంది. ద్వారాల దగ్గర కాపలా ఉంది, బయటికి దారి లేదు. చివరికి ఒకాయన ఆమె జుట్టు కత్తిరించి మగపిల్లాణ్ణి చేస్తేగాని ఆ పట్టణం దాటలేకపోయింది.

రెండో నవలలో రాకుమారి మిర్సెల్లాను పెళ్ళి ఒప్పందం కింద రేవులో ఓడ ఎక్కించి పంపేస్తారు. ఆ ఊరేగింపు తిరిగి వస్తుండగా ఆకలిగా ఉన్న జనం తిరగబడతారు. ఆ గొడవలో లోలిస్ అనే యువతి మీద గుంపు అత్యాచారం చేస్తుంది. ఆమె కంటితో ఆ వీధిని చూపించే అధ్యాయం ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఆమె ప్రస్తావన చాలాచోట్ల ఇతరుల వేళాకోళంలోనే వస్తుంది. ఇది పాత్రల మొరటుతనం మాత్రమేనని సరిపెట్టుకోలేం. రచయిత చూపులో కూడా లోపముంది.

ఇక సెర్సీ రాణి. 2011లో వచ్చిన అయిదో నవలలో మతపెద్దలు ఆమె తల గొరిగించి, బట్టలు విప్పించి, విసెన్యా కొండ మీది గుడి నుంచి ఏగన్ కొండ మీది కోట దాకా నడిపిస్తారు. ఆమె చాలా దుర్మార్గాలు చేసింది. ఇంకో రాణిని శీలం పేరుతోనే ఇరికించబోయి అదే ఉచ్చులో తానూ పడింది. అందుకే చదువుతుంటే, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, మొదట నాకు కాస్త తృప్తిగానే అనిపించింది. తర్వాత ఆలోచించాను. ఈ నడక ఆమె చేసిన హత్యలకు శిక్ష కాదు. పరపురుషులతో పడుకున్నానని ఒప్పుకున్నందుకు. ఆ జనంలో నిలబడి నేను దేనికి చప్పట్లు కొట్టాను?

మార్టిన్ ఈ అధ్యాయాన్ని సెర్సీ లోపలి నుంచే రాశాడు. తలెత్తుకుని బయల్దేరినామె, దారి పొడుగునా వాళ్ళ మాటలు వింటూ, పిల్లల్ని కన్న తన ఒంటిని చివరికి వాళ్ళ కళ్ళతోనే చూసుకుంటుంది. అవమానం పనిచేసే తీరు ఇదే. 2015లో టీవీ ధారావాహికలో ఈ నడకను క్రొయేషియాలోని పాత రేవు పట్టణం డుబ్రోవ్నిక్‌లో చిత్రీకరించారు. అక్కడ కెమెరా ఎక్కువసేపు జనం పక్కనే నిలబడింది. ఇప్పుడు యాత్రికులు ఆ మెట్ల మీద ఆ నడకను సరదాగా అనుకరిస్తున్నారు.

అదే అధ్యాయంలో ఇంకో నడక కూడా ఉంది. సెర్సీ తండ్రే, తన తండ్రి ఉంచుకున్న ఒక కొవ్వొత్తుల వ్యాపారి కూతుర్ని లానిస్‌పోర్ట్ వీధుల్లో ఇలాగే నడిపించాడు. రాణికి ఒక అధ్యాయం దక్కింది. ఆమెకు దక్కింది కొన్ని వాక్యాలే. మార్టిన్‌కు ఈ ఘట్టం స్ఫురించింది 1483లో లండన్ వీధుల్లో లోదుస్తులతో, చేతిలో వెలిగించిన కొవ్వొత్తితో నడవవలసి వచ్చిన జేన్ షోర్ వల్ల. ఆమె అసలు పేరు ఎలిజబెత్. జేన్ అన్నది తర్వాతి కాలపు నాటకం తగిలించిన పేరు.

ఇదంతా కల్పిత మధ్యయుగం అనుకుని పుస్తకం మూసేయలేం. మన దేశంలో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, బట్టలు విప్పి ఊరేగించడాన్ని విడిగా నేరమని రాసుకోవలసి వచ్చింది. అయినా 2023 మేలో మణిపూర్‌లో ఇద్దరు స్త్రీలను అలాగే నడిపించారు. జూలైలో ఆ వీడియో బయటికొచ్చాక గాని దేశం ఉలిక్కిపడలేదు.

ఏ ఊరి పటంలోనూ ఈ దారి గుర్తు పెట్టి ఉండదు. కానీ ఆ దారిలో నడిచిన వాళ్ళకి అడుగడుగూ గుర్తుంటుంది. పక్కన నిలబడి చూసిన వాళ్ళం, మనకెంత గుర్తుంది?