చామంతికి చీకటి కావాలి

కార్తీకం వచ్చేసరికి బజారులో చామంతి బుట్టలకు బుట్టలు దిగుతుంది. ఇంట్లో కుండీలో మొక్క మాత్రం ఆకులేసుకుని ఏపుగా ఉంటుంది గానీ మొగ్గ తొడగదు. బలం చాల్లేదేమోనని ఇంకాస్త ఎరువు వేస్తారు, అది ఇంకాస్త ఆకు వేస్తుంది. ఇలాంటి చోట ఎరువు కన్నా ముందు చూడవలసింది వసారాలో రాత్రంతా వెలిగే బల్బునని నేనంటాను. మొక్కలు పగటి నిడివిని బట్టి పూతకొస్తాయని గార్నర్, అలార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా చిక్కుడు మీద చేసిన ప్రయోగాలతో చూపించారు. 1938లో హామ్నర్, బోనర్ మరులమాతంగి మొక్క మీద ఇంకో సంగతి తేల్చారు. ఆ మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. రాత్రి నడుమ కాసేపు వెలుగు పడితే చాలు, పూత ఆగిపోతుంది. చామంతిదీ అదే స్వభావం. చిత్తూరు, కోలార్ వైపు రైతులు రాత్రిళ్ళు చామంతి తోటల్లో బల్బులు వెలిగించేది ఇందుకే. మొక్క చాలినంత ఎదిగేదాకా పూతను ఆపి, పండగ రోజులు లెక్క చూసుకుని దీపాలు తీసేస్తారు. రైతు తెలిసి చేసే పనిని మనం ఇంట్లో తెలియక చేస్తున్నాం.

మన దగ్గర పగలూ రాత్రీ ఇంచుమించు సమానమే కదా అనవచ్చు. హైదరాబాదులో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరుకి 11 గంటలకు దిగుతుంది. ఆ రెండు గంటల తేడా మనకు పట్టదు గానీ చామంతికి అది చాలు. అన్ని రకాలూ చీకటికి కట్టుబడవన్న మాట నిజమే. వేసవిలో పూసేవీ ఉన్నాయి. రాత్రి ఉక్కపోత ఎక్కువైనా మొగ్గ ఆలస్యమవుతుంది. అయినా మన పెరళ్ళలో శీతకాలానికి పూసే రకాలకు రాత్రి నిడివే మొదటి షరతు. కొసలు తుంచే పనికి గడువు పెట్టేదీ అదే. జానెడు మొక్క కొసని గోటితో గిల్లితే కింది ఆకుల పంగల్లోంచి రెండు మూడు కొమ్మలు లేస్తాయి, కొమ్మకొక గుత్తి పూస్తుంది. కానీ రాత్రులు పొడుగవడం మొదలయ్యాక గిల్లితే తెగేది చిగురు కాదు, రాబోయే మొగ్గ. ఆ మొగ్గ తయారవడానికి వారాలు పడుతుంది మరి. ముద్ద చామంతి రేకు ఒకటి లాగి చూడండి, దాని మొదట్లో సన్నని కీలాగ్రం రెండుగా చీలి కనిపిస్తుంది. మనం రేకు అనుకునేది నిజానికి ఒక పువ్వు. అలాంటి చిన్న పూలు కొన్ని వందలు చేరితేనే మనం కొప్పులో పెట్టుకునే ఒక్క చామంతి.

నగరంలో చీకటి ఎక్కడ దొరుకుతుందని అడిగితే, మిద్దె మీద వీధి దీపం పడని మూల వెతకాలి. అదీ లేకపోతే సాయంత్రం ఆరింటికి కుండీ మీద పెద్ద అట్టపెట్టె బోర్లించి, పొద్దున ఎనిమిదింటికి తీయాలి. మొగ్గల్లో రంగు తేలేదాకా ఒక్క రాత్రి కూడా మానకూడదు.