దొడ్డిదారి ఎవరు తెరిచారు?

ఇంట్లో కూర్చుని బయటివాళ్ల పని చేసిపెట్టడం బండారులంకకు కొత్త కాదు. అమలాపురాన్ని ఆనుకుని ఉన్న ఈ నేత ఊళ్లో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. మాస్టర్ వీవరో సహకార సంఘమో నూలు, డిజైను ఇస్తే, నేసిన చీర మళ్లీ వాళ్లకే చేరుతుంది. 2020లో కరోనా వచ్చాక కోనసీమ ఇళ్లలోకి మరో రకం ఇంటిపని దిగింది. అది హైదరాబాద్, బెంగళూరు కంపెనీల సాఫ్ట్‌వేర్, బ్యాక్ ఆఫీస్ పని. ఆ ఏడాది నవంబర్‌లో టెలికాం శాఖ బీపీఓల వంటి సంస్థల మీద ఉన్న పాత ఆంక్షల్లో చాలావాటిని ఎత్తేయడంతో, ఎక్కడి నుంచైనా పని చేయడానికి నిబంధనల అడ్డు కూడా తగ్గింది. ఈ రెండు ఇంటిపనులకూ పోలిక కొంతవరకే. మామూలు వీపీఎన్‌తో ఆఫీసుకు కలిస్తే నూలు ఇంటికొచ్చినట్టే, ఫైళ్లు ల్యాప్‌టాప్‌లోకి దిగుతాయి. వీడీఐ అని పిలిచే వర్చువల్ డెస్క్‌టాప్ ఏర్పాటులో మాత్రం నూలు యజమాని గడప దాటదు. మగ్గం కూడా డేటా సెంటర్‌లోనే ఆడుతుంది. ఇక్కడ నొక్కిన కీలు అటు వెళ్తాయి, అక్కడి తెర బొమ్మ ఇటు వస్తుంది, అంతే. ల్యాప్‌టాప్ పోయినా అందులో దొరికేది ఏమీ ఉండదు.

ఈ వీడీఐని ఇప్పుడు చాలా సంస్థలు మార్చుకునే పనిలో ఉన్నాయి. చాలా డెస్క్‌టాప్‌లలో నడిచే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వీడీఐ సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎమ్‌వేర్‌ను 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కొనేసింది. దాని డెస్క్‌టాప్ విభాగం 2024 జులైలో ఆమ్నిస్సా అనే వేరే కంపెనీ అయింది. దాంతో లైసెన్సుల లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. మీటింగుల్లో సమయమంతా సర్వర్లు ఎన్ని, ఒక్కో సర్వర్ మీద డెస్క్‌టాప్‌లు ఎన్ని, తలకు ఖర్చెంత అన్నవాటికే పోతుంది. అవి అక్కర్లేనివని అనను. కానీ అప్‌గ్రేడ్ మంచిచెడ్డలు తేలేది ఇంకోచోట. అందరికంటే బలహీనమైన లైను మీద కూర్చున్న ఉద్యోగి కోసం భద్రతా నియమాల నుంచి ఎన్ని మినహాయింపులు ఇవ్వాల్సి వచ్చిందో లెక్క తీయండి. దొంగ వచ్చేది వాటిలోంచే.

ఇది ఊహ కాదు. 2021 మేలో అమెరికాలో పెట్రోలు సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయి తూర్పు తీరంలో పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. దొంగలు దూరింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతాలోంచి. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా. ఆ తర్వాత అడిగే రెండో తనిఖీ లేదు. కంపెనీ దొంగలకు 75 బిట్‌కాయిన్లు కట్టింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా వైద్య బిల్లులు నడిపే ఛేంజ్ హెల్త్‌కేర్ కథ ఇంకా దగ్గరిది, ఎందుకంటే అక్కడ దొంగలు వచ్చిన దారి, వీడీఐకి కూడా వాడే సిట్రిక్స్ కంపెనీ రిమోట్ యాక్సెస్ పోర్టల్. దొంగిలించిన పాస్‌వర్డ్‌తో 12న లోపలికి వచ్చారు. 21 నాటికి ఫైళ్లకు తాళాలు పడ్డాయి. అమెరికా మందుల షాపుల్లో బీమా బిల్లులు నిలిచిపోయాయి. దొంగలకు 2.2 కోట్ల డాలర్లు చెల్లించామని మాతృసంస్థ యునైటెడ్‌హెల్త్ అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ మే నెలలో చట్టసభ ముందు ఒప్పుకున్నారు. బయటికి కనిపించే ప్రతి సిస్టమ్‌కూ రెండో తనిఖీ ఉండాలన్నది ఆ సంస్థ నియమమే. 2022 అక్టోబర్‌లో కొన్న ఈ పాత కంపెనీని అప్‌గ్రేడ్ చేస్తూ ఉన్నారు. ఒక్క పోర్టల్ మిగిలిపోయింది. నియమం ఉంది, డబ్బుంది, మనుషులున్నారు. లేనిది మినహాయింపుల జాబితా మీద కన్ను.

ఇలాంటి మినహాయింపులు ఎలా పుడతాయో చూడాలంటే కోనసీమ మంచి చోటు. అవి ఎక్కువగా పుట్టేది నిర్లక్ష్యంతో కాదు, నియమం రాసినవాడికి ఈ నేల తెలియకపోవడంతో. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది, రౌటర్ వెలుగుతూనే ఉంటుంది. కానీ వీధి చివర కేబుల్ ఆపరేటర్ పెట్టెకు కరెంటు పోతే లైను పోయినట్టే. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌కు మారాలి. మారగానే చిరునామా మారిందని గేట్‌వే, అంటే ఆఫీసు నెట్‌వర్క్ ముఖద్వారం, మళ్లీ మొదటి నుంచి లాగిన్ అడుగుతుంది. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో రావాలి, సిగ్నల్ ఒక్క గీత. ఉద్యోగి హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తాడు. వాళ్లు విసిగిపోయి, ఇతనికి రెండో తనిఖీ తాత్కాలికంగా తీసేస్తారు. ఆ తాత్కాలికానికి ముగింపు తేదీ ఎవరూ రాయరు. ఇంకొందరు తెలివిగా, మీ ఇంటి ఐపీ చిరునామా నుంచి వస్తే అడగకుండా చేస్తామంటారు. ఇది మరీ ప్రమాదం. మన మొబైల్ కంపెనీలు, చాలా కేబుల్ నెట్‌లు ఒకే ఐపీ చిరునామాను ఎంతోమంది చందాదారులకు పంచుతాయి. మీ ఇంటికని తెరిచిన తలుపు ఆ చిరునామా వెనకున్న ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ తెరిచినట్టే. ఇక ఏ మినహాయింపూ దొరకని ఉద్యోగి తానే దారి వెతుక్కుంటాడు. ఫైలును సొంత మెయిల్‌కు పంపుకుంటాడు, తెరను ఫోన్‌తో ఫొటో తీసుకుంటాడు. ఫైలు ఆఫీసు గడప దాటకూడదనే కదా అంత ఖర్చు పెట్టి వీడీఐ కొన్నది!

2022 మే 24న జిల్లా పేరు మార్పు వివాదంలో అమలాపురంలో హింస జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి గట్లకూ, నది దాటి పక్క ఊళ్లకూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వెళ్లిన వార్తలు అప్పుడు పత్రికల్లో వచ్చాయి. అదే ఏడాది జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలు మునిగాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. లైను తెగడం ఇక్కడ అరుదైన ఆపద కాదు, ఏటా ఎదురయ్యే సంగతి. 2016 చివర్లో రాజోలు దాపునున్న మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి దేశమంతా చెప్పుకున్న ప్రాంతం ఇదే. ఫైబర్ వచ్చినంత మాత్రాన స్తంభానికి కరెంటు ఆగకుండా రాదు.

అలాంటి లైనుకు సరిపోయేలా కడితే భద్రత తగ్గాల్సిన పని లేదు. నిజానికి చాలాచోట్ల పెరుగుతుంది. ఎస్సెమ్మెస్ బదులు ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ పెడితే, ముప్పై సెకన్లకోసారి మారే అంకెను ఆ ఫోనే గడియారాన్ని చూసుకుని లెక్కకడుతుంది. దానికి సిగ్నల్ అక్కర్లేదు. యూఎస్‌బీలో పెట్టే సెక్యూరిటీ కీ ఇంకా గట్టిది, నకిలీ వెబ్‌సైటుకు అది జవాబే ఇవ్వదు. ‘అనుమతించాలా’ అని అడిగే నోటిఫికేషన్ పద్ధతి మాత్రం సుఖంగా కనిపించినా బలహీనం. 2022 సెప్టెంబర్‌లో ఊబర్‌లోకి దూరినవాడు ఒక కాంట్రాక్టర్‌కు అలాంటివి వరసపెట్టి పంపి చివరికి ఒకదానికి ఒప్పించాడు. కరెంటు కోతల విషయంలో వీడీఐకి పుట్టుకతోనే ఒక వరం ఉంది. ఇక్కడ లైను తెగినా అక్కడ డెస్క్‌టాప్ నడుస్తూనే ఉంటుంది. మళ్లీ కలవగానే పని ఆగినచోటే కనిపిస్తుంది. తెగిన సెషన్‌ను ఐదు నిమిషాల్లో చంపేసే నియమం పెట్టి ఆ వరాన్ని పారేసుకునే కంపెనీలకు లోటు లేదు. తెర బొమ్మ ముక్కలుగా ప్రయాణించే పద్ధతిని, అంటే ప్రోటోకాల్‌ను కూడా అప్‌గ్రేడ్‌లో చూసుకోవాలి. టీసీపీ అనే పద్ధతిలో ఒక డేటా ముక్క దారిలో పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగుతాయి. యూడీపీ మీద నడిచే కొత్త పద్ధతులు ముక్కలు పోయే లైనును బాగా ఓర్చుకుంటాయి. వీడియో కాల్‌ను డేటా సెంటర్ చుట్టూ తిప్పకుండా ఉద్యోగి ల్యాప్‌టాప్ నుంచి నేరుగా వెళ్లనిస్తే చాలా ఫిర్యాదులు అక్కడే తగ్గుతాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. లైను బాగాలేనివాళ్లు ఆఫీసుకు రండి, ఒక ఊరి కోసం కంపెనీ మొత్తం కొలతలు ఎందుకు మార్చాలి అని. ఆఫీసుకు పిలిచే హక్కు కంపెనీది, ఆ వాదనలోకి నేను పోను. కానీ పగలు అందరూ ఆఫీసులో ఉన్న కంపెనీలో కూడా అర్ధరాత్రి సర్వర్ పడిపోతే దాన్ని లేపేవాడు పండక్కి ఊరెళ్లినవాడే. అతని ఖాతాకు ఉన్న అధికారాలు మామూలు ఉద్యోగికి ఉండవు. మినహాయింపు ఇచ్చేది ముందుగా అతనికే. వీడీఐ ఉంటే ఇంటి ల్యాప్‌టాప్ ఎలా ఉన్నా పర్వాలేదనేది రెండో వాదన. ఇది సగమే నిజం. ఫైళ్లు అందులోకి దిగవు, సరే. కీలు నొక్కినప్పుడల్లా పట్టేసే వైరస్ అందులో ఉంటే పాస్‌వర్డ్ పోతుంది. అందుకే గేటు దగ్గర ల్యాప్‌టాప్ ఆరోగ్యాన్నీ చూడాలి.

ఆ గేటుకు కూడా పాతబడే వయసుంటుంది. 2023 అక్టోబర్ 10న సిట్రిక్స్ తన గేట్‌వేలో ఒక లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్ల సెషన్ గుర్తులు ఆ లోపం ద్వారా కారిపోతున్నాయి. ఆ గుర్తు చేతికొస్తే పాస్‌వర్డూ అక్కర్లేదు, రెండో తనిఖీ కూడా దాటేసినట్టే. ప్యాచ్ వేసి ఊరుకుంటే దొంగ పాత గుర్తుతోనే లోపల ఉంటాడు. నడుస్తున్న సెషన్లన్నీ తెంచాలి. ప్యాచ్ వేయడానికి కొన్ని రోజులు ఆలస్యం చేసిన అమెరికా కేబుల్ సంస్థ కామ్‌కాస్ట్‌కు దాదాపు 3.6 కోట్ల మంది వినియోగదారుల వివరాలు పోయాయి.

చిన్న ఆఫీసులకు, ఒక ఆడిటర్‌కో సహకార సంఘానికో, ఇంత వీడీఐ అక్కర్లేదు. వాళ్ల ప్రమాదం వేరు. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ యాప్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో ఎప్పుడూ తెరిచి ఉంచి, అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ పెట్టుకోవడం. ఎనీడెస్క్‌తో యూపీఐ మోసాలు జరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అవసరం తీరగానే దాన్ని మూసేయడం, లెక్కలను రెండో తనిఖీ ఉన్న బ్రౌజర్ సర్వీసుకు మార్చుకోవడం వాళ్లకు చాలు.

పెద్ద సంస్థల ఐటీ మేనేజర్లకు ఒక్క విన్నపం. అప్‌గ్రేడ్ అయిపోయిందని సంతకం పెట్టే ముందు, కరెంటు పోయే సాయంత్రం వేళ, బండారులంకలాంటి ఊరి ఇంటి నుంచి, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి లాగిన్ చేయించి చూడండి. ఆ కాగితం మీదే ఇంకా మిగిలిన మినహాయింపుల పేర్లూ, ఒక్కోదానికి ముగింపు తేదీ, పాత గేట్‌వేను పీకేసిన తేదీ రాయించండి. ఆ చివరి తేదీ ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి.