నఖాబ్‌కు రెండు వైపులు

షాజహానా కవితా సంపుటి ‘నఖాబ్’ 2005లో వచ్చినప్పుడు ఆ పేరుని నేను ఒకే వైపు నుంచి చదివాను. ముసుగు తీసేసి బయటికొస్తున్న స్త్రీ గొంతు అనుకున్నాను. ఒక ముస్లిం స్త్రీ తెలుగులో తన మాట తనే చెప్పుకుంటున్నదని సంతోషపడ్డాను కానీ, ఆమె నాకు నచ్చే మాటే చెప్పాలని కోరుకుంటున్నానని గమనించుకోలేదు. ఆ పేరుని నాచేత మళ్లీ చదివించింది ఓ విద్యార్థిని.

నేను నల్గొండలో పాఠాలు చెప్పే రోజుల్లో డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు కళ్లు మాత్రమే కనిపించే నఖాబ్‌తో కాలేజీకి వచ్చేది. ఒకరోజు స్త్రీవాద కవిత్వం చెప్తూ, ఉత్సాహం ఆపుకోలేక, అందరి ముందూ అడిగేశాను: “ఇంట్లో బలవంతం చేస్తున్నారా?” ఆ అమ్మాయి లేచి నిలబడి, “లేదు మేడమ్, నాకిష్టమయ్యే వేసుకుంటున్న” అంది. మర్నాటి నుంచి వారం రోజులు క్లాసుకు రాలేదు.

తర్వాత తల్లి వచ్చింది. ఆమెకు బుర్ఖా లేదు. చీర కొంగు నెత్తి మీదుగా కప్పుకుంది. “నాట్లేసేటోళ్లకు బుర్ఖా యాడిది మేడమ్! మా ఊర్లె ఎవ్వరం ఎయ్యం. బిడ్డ బస్సెక్కి నల్గొండకు పోతనంటె, ఇది ఏసుకుంటెనే పొమ్మన్నడు దాని అబ్బా. సదువైతె చాలనుకున్న” అని చెప్పింది.

ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పినట్టు? ఎవరూ కాదు. ‘ఇష్టం’ అన్న కూతురి మాటా నిజమే, షరతు అన్న తల్లి మాటా నిజమే. టర్కీకి చెందిన స్త్రీవాది డెనిజ్ కాండియోటి 1988లో దీన్ని పితృస్వామ్యంతో బేరం అన్నారు. చదువు కావాలి, దానికి అడిగిన ధర గుడ్డ. మన ముందు తరం ఆడవాళ్లు ఇలాంటి బేరాలు ఆడకుండానే కాలేజీ మెట్లెక్కారా?

తల్లి మాటలో ఇంకో సంగతి ఉంది. ఎండలో వంగి నాటేసే మనిషికి పర్దా కుదరదు. బయటి పనికి వెళ్లకుండా గడిచే ఇళ్లలోనే అది గౌరవమైంది. మన భాషలో ఘోషా అనేమాట ముస్లింలదే కాదు, జమీందారీ కుటుంబాల హిందూ స్త్రీలదీ. విశాఖపట్నంలో ‘ఘోషాసుపత్రి’ పేరు అందుకు గుర్తు. కాబట్టి పొలం నుంచి కాలేజీకి మారే దారిలో ఒక ఇంట్లోకి బుర్ఖా కొత్తగా వస్తే, దాన్ని మతం ఒక్కటే తెచ్చిందనుకోవడం తొందరపాటు.

రొకేయా సఖావత్ హుస్సేన్ పర్దా చంపేసిన, కుళ్లబొడిచిన జీవితాలను ‘అవరోధ్ బాసిని’లో ఒక్కొక్కటిగా రాశారు. అంతకు ఎంతో ముందే ‘బుర్ఖా’ అనే వ్యాసంలో, ప్రగతికి అడ్డం బుర్ఖా కాదనీ చదువు లేకపోవడమనీ వాదించిందీ ఆవిడే. 1911లో కలకత్తాలో నడిపిన బడికి ఆడపిల్లల్ని రప్పించడానికి బండికి తెరలు కట్టక తప్పలేదు. ఆ తెరల వెనక పిల్లలకు ఊపిరాడటం లేదని రాసిందీ ఆవిడే. దీన్ని రెండు నాలుకలు అనలేం. బడి తలుపు మూసుకుపోకుండా చూసుకున్న మనిషి పడ్డ నలుగులాట అది.

ఇక ముసుగు తీయించాలని తొందరపడేవాళ్లందరూ స్త్రీల పక్షమేమీ కాదు. ఈజిప్టు స్త్రీల ముసుగును నిందించిన బ్రిటిష్ పాలకుడు లార్డ్ క్రోమర్, ఇంగ్లండులో ఆడవాళ్ల ఓటు హక్కును వ్యతిరేకించే మగవాళ్ల సంఘానికి నాయకుడయ్యాడు. ఈ సంగతిని లైలా అహ్మద్ 1992లో గుర్తుచేశారు. 2022లో కర్ణాటకలో ముఖం కప్పే నఖాబ్ కూడా కాదు, తలమీది హిజాబ్ కోసమే ఆడపిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు. ఆంక్ష చెల్లదన్న జస్టిస్ ధూలియా ఆ పిల్లల చదువు గురించే ఎక్కువగా ఆలోచించారు. అదే ఏడాది ఇరాన్‌లో హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్లిన మహ్సా అమీనీ నిర్బంధంలో చనిపోయింది. ఒకచోట కట్టుకున్నందుకు, ఒకచోట జారినందుకు. రెండుచోట్లా ఆడపిల్లకు తన తలమీద తనకు అధికారం లేదు.

అలాగని ‘ఇష్టం’ అనే మాట దగ్గర నోరు మూసుకుని కూర్చోమని కాదు నేననేది. రేపు ఆ అమ్మాయి నఖాబ్ తీసేస్తానంటే బస్ పాస్ మిగులుతుందా? ఆ ప్రశ్న అడగాల్సిందే. తీసేసే ఇష్టానికి చోటు లేనప్పుడు వేసుకునే ఇష్టం సగమే. సమాజం ప్రమాదంలో ఉంది, ఇప్పుడు ఇంటి గుట్టు విప్పొద్దని ముస్లిం స్త్రీల నోరు నొక్కడం కూడా అన్యాయమే. అయితే ఆ ప్రశ్న ఎవరు, ఎక్కడ నిలబడి అడుగుతున్నారన్నది విమర్శకులుగా మనం చూసుకోవాలి. కవయిత్రి తన ఇంటి మగవాళ్లను నిలదీస్తే ‘ధైర్యం’ అని మెచ్చుకుంటాం. మన చూపునే నిలదీస్తే ఆ పేజీ తొందరగా తిప్పేస్తాం. నేను తిప్పేశాను. నఖాబ్‌కు లోపలి వైపు కూడా ఉంటుంది. అక్కణ్ణుంచి ఒకరు మనల్ని చూస్తూ ఉంటారు.

ఆ అమ్మాయి మళ్లీ క్లాసుకు వచ్చింది. స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు పిలిచి క్షమాపణ చెప్పాను. నఖాబ్ పైకెత్తి, కాసేపు నన్నే చూసి అంది:

“మీరు అడిగింది తప్పు గాదు మేడమ్. అందరి ముందట అడిగిన్రు.”